అభ్యర్థి కనబడుట లేదు

ఏమోయ్, నిన్నే. దొంగ ఎవరో ముందే తెలిసిపోవాలని చివరి పేజీలోకి వేలు దూరుస్తున్నావు కదా. తియ్ ఆ వేలు. ఏడో తరగతి రెండుసార్లు తప్పిన నేనే పుస్తకం మొదటి నుంచి చదువుతాను, డిగ్రీలు చదివిన నీకేం రోగం? సరే, పందెం వేసుకుందాం. ఈ అధ్యాయంలో ఒక ఆడమనిషి తప్పిపోతుంది. నాకంటే ముందు నువ్వు పట్టుకుంటే, మైత్రీవనం వెనక గల్లీలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య వేలాడుతున్న 'రాజనర్సయ్య, ప్రైవేట్ డిటెక్టివ్' బోర్డు ఊడబీకి తెచ్చి నీ గుమ్మానికే కడతాను.

కార్పొరేటర్ ఎన్నికలొచ్చాయి. మా డివిజన్ ఈసారి మహిళలకు రిజర్వయింది. అంటే మొగుడు పోటీ చేస్తాడు, పెళ్ళాం పేరు అరువిస్తుంది. సురేందర్ తన భార్య అనుపమ పేరు వాడుకున్నాడు. అవతలి పార్టీ నరేశ్ తన భార్య పేరు వాడుకున్నాడు. ఇద్దరు మగవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళ కొంగుచాటున నిలబడి కొట్టుకుంటుంటే దాన్ని ఎన్నిక అంటున్నారు. పేపర్లో ఆ వార్త చదివిన రోజు నాకు ఉప్మా కూడా సయించలేదు.

నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజు, బుధవారం పొద్దున, సురేందర్ ఫోన్ చేశాడు. నరేశ్ మనుషులు తన భార్యను ఇంట్లోంచే ఎత్తుకుపోయారట. 'ఈమే మా పార్టీ అభ్యర్థి' అని పార్టీ రాసిచ్చే కాగితాన్ని బీ-ఫారం అంటారు. అది ఆమె బ్యాగులోనే ఉందట. మధ్యాహ్నం మూడింటిలోగా అది ఎన్నికల అధికారి చేతిలో పడకపోతే పార్టీ గుర్తు పోతుంది, ఆమె ఉత్త ఇండిపెండెంట్‌గా మిగులుతుంది. ఎట్లయినా మూడింటిలోపు వెతికిపెట్టమని బతిమాలాడు. నేను చేసేవి పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు ఇంతకుముందు నిశ్చితార్థం తప్పిందా, అంతవరకే. అయినా ఒక మనిషి ప్రాణం కదా అని ఒప్పుకున్నాను.

అతని ప్రచార ఆఫీసు మా పక్క గల్లీలోనే, మూతబడిన టైల్స్ షాపులో ఉంది. ముందు అక్కడికే పోయాను. గోడ నిండా ఫ్లెక్సీ. అందులో సురేందర్ నిలువెత్తు నమస్కారం. అతని మోచేయి కింద, బస్ పాసు మీద ఫోటో అంత సైజులో, భార్య. అది పెళ్ళినాటి ఫోటో. ప్రింటింగువాడు ముఖానికి ఎంత తెలుపు పూశాడంటే ట్యూబులైటుకు బొట్టు పెట్టినట్టుంది.

కుర్రాళ్ళు పొద్దున్నే బిర్యానీ తింటున్నారు. క్యాండిడేట్‌ను ఆఖరుసారి ఎప్పుడు చూశారని అడిగాను.

"నిన్న రాత్రే చూసినం. గీడనే కూసున్నడు," అన్నాడొకడు.

"కూసున్నడు కాదురా. క్యాండిడేట్. ఆడమనిషి."

"క్యాండిడేటంటే అన్ననే గదా అంకుల్."

ఆమె ఎలా ఉంటుందంటే ఒకడు పొడుగన్నాడు, ఇంకొకడు పొట్టి అన్నాడు. నామినేషన్ వేసిన రోజు ఆమె పక్కనే నడిచినవాడు కూడా ముఖం చూడలేదట. మెడలో అన్ని దండలు వేస్తే కళ్ళు తప్ప ఏమీ కనబడలేదన్నాడు. ఇంట్లో కుక్క తప్పిపోతే దాని తోక రంగైనా చెబుతారు. వీళ్ళు ఎవరిని గెలిపించాలని గొంతులు చించుకుంటున్నారో ఆ మనిషి ఆనవాలు ఒక్కడికీ తెలియదు. నాకూ బిర్యానీ పెట్టబోతే వద్దన్నాను.

మెడలో పార్టీ కండువా వేసుకున్న ఒకామె ఫ్లాస్కులోంచి వంచి టీ ఇచ్చింది. కూలికి జెండాలు పట్టే ఆడవాళ్ళను నాలుగు బస్తీల నుంచి తెస్తారు, ఎవరికెవరూ తెలియదు. నలభై దాటినామె, చేతినిండా ఆకుపచ్చ గాజులు. నా నోరు ఊరుకోదు కదా, చక్కెర కూడా మీ పార్టీ హామీలాగే ఉంది, వేసినమంటారుగాని నాలుకకు తగలదని ఎత్తిపొడిచాను. ఆమె నవ్వి ఇంకో చెంచా వేసింది.

"నీకన్నా ఎరికనా అక్కా, పోటీ చేసే ఆమె ఎట్లుంటదో?"

"గామె నోరు తెర్వంగ గీ పార్టీల ఎవ్వరు ఇన్లే అన్నా. నాకేం ఎరిక," అంది.

కప్పు తిరిగిచ్చి పంజాగుట్ట పోయాను. సురేందర్ ఇంటి ముందు టీవీ కెమెరాలు. అతను కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు, కండువా మీది గుర్తు కెమెరాకు సరిగ్గా ఆనేటట్టు. ఒక విలేకరి ఆగమంటే ఏడుపు ఆపాడు, మైకు సర్దాక మళ్ళీ అందుకున్నాడు.

వంటింట్లో నాకంటే ముందే వీర్రాజు ఉన్నాడు. పంజాగుట్టలో అద్దాల ఆఫీసు పెట్టిన డిటెక్టివ్. టై కట్టి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. నన్ను చూసి నొసలు ముడిచాడు.

"ఏంటి రాజనర్సయ్య గారు, ఇక్కడ పెళ్ళి సంబంధాలేం లేవండీ."

"ఉన్న సంబంధం ఎట్లుందో చూద్దామని వచ్చిన వీర్రాజుగారూ."

అతను లెక్చరు ఇచ్చాడు. పొద్దున ఏడున్నరకు వెనక తలుపు గుండా ఇద్దరు లోపలికొచ్చారు. ఆమె పెనుగులాడింది. ఇదిగో ఒరిగిన పాలగిన్నె, ఇదిగో ఒంటి చెప్పు, ఇవిగో పగిలిన గాజులు. నరేశ్ పనేననడానికి ఇంకేం కావాలన్నాడు. గాజు పెంకులను ల్యాబుకు పంపిస్తానన్నాడు.

"ల్యాబెందుకు, లాడ్‌బజార్ల గాజులోళ్ళకు పంపు. వాళ్ళే చెప్తరు," అని కింద గొంతుక్కూర్చున్నాను.

చిన్నప్పుడు గాజుపెంకులతో ఆడుకోని వాడెవడు? ఎర్ర పెంకులను ఒక్కొక్కటే పేర్చుకుంటూ గుండ్రంగా గీత కలిపాను. పడకగదిలో గాజుల స్టాండు ఉంటే అందులోంచి ఆమె గాజు ఒకటి తెచ్చి ఆ గుండ్రం మధ్యలో పెట్టాను. చుట్టూ అగ్గిపుల్ల పట్టేంత సందు మిగిలింది. స్టాండులో ఉన్నవన్నీ టూ ఫోర్ సైజు, సన్నటి చెయ్యి. పగిలినవి టూ ఎయిట్. ఆమె ఇవి తొడుక్కుని పాలగిన్నె దించడానికి వంగితే, నరేశ్ మనుషులు వచ్చేదాకా ఎందుకు, వాటంతట అవే జారి పొయ్యిలో పడేవి. ఇంకొకటి చూశాను. ఒక పెంకుకు దారం ముక్క వేలాడుతోంది. డజను గాజులను షాపువాడు కట్టి ఇస్తాడే, ఆ దారం. కట్ట విప్పకుండా గాజులు తొడుక్కునే ఆడది ఈ నగరంలో నాకింతవరకు తగల్లేదు.

వీర్రాజు ముఖం ఎర్రబడింది. క్రైమ్ సీన్ మొత్తం పాడుచేశానని అరిచాడు.

"పాడు చేసింది నేనా, గాజులు కొనుక్కొచ్చినోడా? షాపుల ఏ సైజు అని అడిగితే ఏం చెప్పిన్రు? పెద్దయియ్యి, చప్పుడు బాగొస్తదన్నరా?"

"మీ స్థాయికి ఇది అర్థం కాదండీ," అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

సురేందర్‌ను పక్క గదిలోకి పిలిచి తలుపేశాను. రెండు గాజులు చేతిలో పెట్టి, ఒకటి వదినమ్మది, ఒకటి మా ఆవిడది కలిసిపోయాయి, ఏది ఎవరిదో చెప్పమన్నాను. నిజానికి రెండూ ఆ స్టాండులోవే. అతను రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాజులకు సైజేందన్నా? అన్ని గుండ్రంగనే ఉంటయ్ గదా."

ఇరవై ఏళ్ళ కాపురం. మా ఇంట్లో ఒక గాజు విరిగితే మా ఆవిడ 'పగిలింది' అన్న మాట కూడా నోట రానివ్వదు, 'చిట్లింది' అంటుంది, మొగుడికి కీడని. ఇక్కడ మొగుడే డజను కొనుక్కొచ్చి పగలగొట్టించాడు.

దొరికిపోయాక సిగ్గుపడతాడనుకున్నావా? కుర్చీలో వెనక్కి వాలాడు. ఆడవాళ్ళ ఓట్లు పడాలంటే ఆ మాత్రం కన్నీళ్ళు ఉండాలన్నాడు. అనుపమను తెల్లవారగానే మాసబ్ ట్యాంక్‌లో ఆమె చెల్లెలు వనిత ఇంట్లో కూర్చోబెట్టాడట. బీ-ఫారం రాత్రే చేతికొచ్చింది. కానీ పన్నెండు నుంచి ఒంటిగంటన్నర వరకు రాహుకాలం, దానికి ముందు వర్జ్యం. అది పోయాక, రెండున్నరకు బ్యాండుతో, చెరిగిన జుట్టుతో, దుండగుల చేతిలోంచి తప్పించుకొచ్చిన ఆడపడుచులా ఆమె వచ్చి కెమెరాల ముందు బీ-ఫారం ఇస్తుంది. పంతులు కట్టిన ముహూర్తం, వీర్రాజు కట్టిన కథ.

"మరి నన్నెందుకు పిలిచినవ్?"

"టీవీల ఇద్దరు డిటెక్టివ్‌లంటే జర వజన్ ఉంటది. నువ్వైతే ఏం కనిపెట్టవనుకున్న అన్నా," అన్నాడు, మొహమాటం లేకుండా.

అప్పుడే అతని ఫోన్ మోగింది. వనిత. స్పీకరులో పెట్టాడు. అక్క పొద్దున వచ్చి, ఫోన్ టీపాయ్ మీద పెట్టి, పది నిమిషాల్లో వస్తానని బ్యాగు తీసుకుని బయటికి పోయిందట. బావ దగ్గరికే పోయి ఉంటుందనుకుని ఊరుకుందట. ఇంకా రాలేదు.

అతని ముఖాన ఆ పూటకు మొదటిసారి నిజమైన చెమట పట్టింది. నరేశ్ నిజంగానే ఎత్తుకుపోయాడా? ఎక్కడ దాచాడు? నేను ఆమె గురించి అడుగుతుంటే అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"కాగితం దొరకాలె అన్నా. ఆమె ఎట్లనన్న దొరుకుతది. ముందుగాల కాగితం."

ఆ చేతిని విదిలించుకుని వంటింటి సింకులో నా చెయ్యి కడుక్కున్నాను. అప్పటికి పన్నెండు దాటింది. వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఆమె ఏమైందోనన్న భయం మొగుడికి లేదు కాబట్టి అది నన్ను పట్టుకుంది. నాటకం కోసం ఇంట్లోంచి బయటికి పంపిన మనిషి నిజంగా ఎవరి చేతిలోనో పడి ఉంటే, ఆమె కోసం వెతికేవాడు నేనొక్కడినే.

వీర్రాజు ఫ్లెక్సీలో ఫోటోను ఫోన్‌లోకి ఎక్కించుకుని షాపు షాపుకూ చూపిస్తూ అమీర్‌పేట అంతా తిరిగాడు. ఆ ట్యూబులైటును ఎవరు గుర్తుపడతారు? నేను ఆసుపత్రులకు ఫోన్లు చేశాను, మెట్రో స్టేషన్ ముందు ఆటోవాళ్ళను అడిగాను, నరేశ్ ఆఫీసు ముందు ఇడ్లీ బండి దగ్గర నిలబడి లోపలి మాటలు విన్నాను. అక్కడా ఆమె కోసమే వెతుకుతున్నారు, బేరం కుదుర్చుకుందామని. అంటే వాళ్ళ దగ్గరా లేదు. ఒక్క దారే మిగిలింది. ఆమె ఎవరి చేతిలో ఉన్నా, మూడింటిలోగా ఎర్రమంజిల్ వెనక ఉన్న ఎన్నికల ఆఫీసు దగ్గరే ఏదో ఒకటి తేలాలి.

ప్రచార ఆఫీసు ముందు పెట్టిన నా స్కూటర్ తీస్తుంటే, పొద్దున టీ ఇచ్చినామె ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. ఎన్నికల ఆఫీసు గేటు దగ్గర మన పిల్లలు ఎండలో ఉన్నారు, వాళ్ళకు టీ ఇవ్వాలె, జర దింపుతవా అన్నా అంది. ఎక్కమన్నాను.

దారి పొడుగునా నా నోరు ఊరుకోలేదు. ఒంటరిగా మింగలేక పొద్దుటి సంగతంతా చెప్పేశాను. అదీ కాస్త గొప్పగా. గాజులు ఎలా పేర్చానో, సైజు ఎలా పట్టానో, అతను అన్నీ గుండ్రంగనే ఉంటయని ఎలా అన్నాడో. ముందు కాగితం దొరకాలన్న మాట కూడా చెప్పాను. వెనక నవ్వు ఆగిపోయింది. 

"పగలగొట్టిచ్చిండా, నిజంగ?" అంది.

"నా కండ్లతోని చూసిన. నువ్వు చెప్పక్కా, గా క్యాండిడేట్ ఎదురొస్తే నువ్వు గుర్తువడ్తవా?"

"ముందుగాల ఆమెను ఆమె గుర్తువట్టాలె గదన్నా."

కూలికొచ్చినామె ఎంత మంచి మాటందని మెచ్చుకున్నాను.

గేటు దగ్గర సురేందర్ పిల్లలు కాపలా ఉన్నారు. నరేశ్ మనుషులు అనుపమను దొంగతనంగా తెచ్చి నామినేషన్ వెనక్కి తీయిస్తారేమోనని, లోపలికి పోయే ప్రతి ఆడమనిషి ముఖాన్నీ ఫోన్‌లో ఫోటోతో పోల్చి చూస్తున్నారు. మా ముందుకొచ్చినవాడు ఫోటో చూశాడు, ఆమె ముఖం చూశాడు, ఫ్లాస్కు చూశాడు. "మాకో కప్పు ఉంచక్కా," అని దారిచ్చాడు. లోపలి తలుపు దగ్గర కానిస్టేబుల్ ఆపితే ఆమె అతని చెవిలో ఏదో చెప్పింది. అతను పక్కకు జరిగి దండం కూడా పెట్టాడు. టీకి ఇంత విలువుందా అనుకుని నేను గేటు బయట నీడలో నిలబడ్డాను.

రెండున్నరకు బ్యాండు వచ్చేసింది. ముందే మాట్లాడిన బ్యాండు, అభ్యర్థి లేకపోయినా తీన్‌మార్ దంచుతోంది. మూడు కావస్తుండగా వెనకాల కారులోంచి సురేందర్, వనిత, వీర్రాజు దిగారు. వీర్రాజు నడకలో ఊపు చూసి నాకు అనుమానమొచ్చింది. ఫోటో పనికిరాదని అతనికి చివరికి తట్టిందట. తోడబుట్టినామెను పక్కన కూర్చోబెట్టుకుని ప్రచార ఆఫీసు కెమెరా రికార్డు చూపించాడట. ఆ తెలివికి దండం పెట్టాల్సిందే.

"ఎత్తుకెళ్ళినవాడు దొరికాడండీ. స్కూటర్ మీద తీసుకెళ్ళాడు," అని ఫోన్ అందరికీ చూపించాడు.

సురేందర్ తెర మీదికి వంగి చూశాడు. "గీమె కాదు. మా ఆమె స్కూటర్ ఎక్కదు," అన్నాడు.

"అక్కనే బావా. పదిసార్లు చెప్పిన. నీకు కండ్లు లేవా?" అంది వనిత.

నేనూ తొంగిచూశాను. కండువా, ఫ్లాస్కు, వెనక సీటులో ఒద్దికగా కూర్చున్న ఆడమనిషి. ముందు హెల్మెట్ పెట్టుకున్న లావుపాటి మనిషి. స్కూటర్ వెనక స్టిక్కరు స్పష్టంగా కనబడుతోంది: 'దగ్గరికి రాకు, నీ సంగతి నాకు తెలుసు.' ఆ స్టిక్కరు నేనే రాయించాను. హైదరాబాద్ మొత్తానికి అది ఒక్కటే.

బ్యాండు ఆగింది. ముందు వీర్రాజు, తర్వాత సురేందర్, తర్వాత కర్రలున్న పిల్లలు, వరసగా నా వెనక ఆగి ఉన్న స్కూటర్ వైపు తిరిగారు. నరేశ్ నీకెంత ఇచ్చిండని సురేందర్ నా కాలరు పట్టుకున్నాడు. టీవీ కెమెరా నా మీదికి తిరిగింది. డిటెక్టివే కిడ్నాపర్ అని విలేకరి మైకులో అప్పుడే మొదలుపెట్టేశాడు. తెల్లారేసరికి మా ఆవిడ, ఆమె అన్నదమ్ములు, నా గల్లీ మొత్తం ఇది చూస్తారు. ఒక కర్ర గాల్లోకి లేచింది.

అప్పుడే లోపల బెల్లు మోగింది. మూడు.

ఎన్నికల అధికారి హైమవతి గారు వరండాలోకి వచ్చారు. గేటు దగ్గర గొడవేంటని ముందు కసురుకున్నారు. తర్వాత చేతిలో కాగితం చూసి చదివారు.

"అనుపమ గారు పోటీలోనే ఉన్నారండీ. పార్టీ బీ-ఫారం ఇవ్వలేదు కాబట్టి ఇండిపెండెంట్. ఆవిడ కోరిన గుర్తు ఇంకెవరూ అడగలేదు, ఇచ్చేశాం. గాజులు."

ఆవిడ వెనక నుంచి అనుపమ వచ్చింది. కండువా తీసేసి ఫ్లాస్కుకు చుట్టింది. కర్ర ఎత్తినవాడు ఆమెను చూసి, "మా టీ అక్కా," అని నోరు తెరిచాడు. ఆమె నేరుగా మొగుడి దగ్గరికొచ్చి, బ్యాగులోంచి బీ-ఫారం తీసి, మడతలు విప్పి, అతని చేతిలో పెట్టింది.

"ఇగో. ముందుగాల ఇదే దొరకాలె అన్నవంట గదా. దొరికింది. అయిదేండ్లు దేని మీద దస్తఖత్ పెట్టమంటే దాని మీద పెట్టేటందుకు ఇంకోదాన్ని చూసుకో."

అతను కాగితాన్ని, ఆమెను మార్చి మార్చి చూశాడు. చూపు కాగితం దగ్గరే ఆగింది. నాకు మళ్ళీ చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఆమె నా కాలరు మీంచి అతని చెయ్యి తీసేసి, ఫ్లాస్కు మూత తిప్పింది.

"గుర్తు ఏం కావాలె అని మేడమ్ అడిగితే తోచలేదన్నా. నువ్వు స్కూటర్ మీద చెప్పిన ముచ్చట యాదికొచ్చింది. ఒక కప్పు మిగిలింది, తాగుతవా? చక్కెర సక్కగనే ఉంది."

తాగాను. ఏం చెయ్యను? ఆమె కోసం ఊరంతా వెతుకుతూ, ఆమెనే వెనక కూర్చోబెట్టుకుని, ఆమె కథే ఆమెకు చెబుతూ, శత్రువుల కాపలా దాటించి తెచ్చి దింపినవాణ్ణి నేను. బోర్డు ఊడబీకాల్సిందేనని నాకూ తెలుసు.

ఆగు, చెయ్యి చాపకు. ఎందుకు నవ్వుతున్నావు? నాకు టీ ఇచ్చినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. ఆకుపచ్చ గాజులు చూశావు. నా స్కూటర్ మీద నీకూ చోటిచ్చాను, ఆమె మాటలన్నీ విన్నావు. ఒక్కసారైనా ఆమె పేరు అడిగావా?